ఫోను కింద పళ్లెం

హఫీజ్‌పేటలో ఆ మూడో అంతస్తు ఇంట్లో ఆదివారం పదిన్నరయ్యేసరికి సుబ్బమ్మ కోడలి ఫోను కింద స్టీలు పళ్లెం పెడుతుంది. కొడుకు మధుసూదన్ ఫోన్ చేసేది ఆ వేళకే. అతను హవల్దారు, కొండల మీద ఏదో పోస్టులో ఉన్నాడు. అక్కడ అందరికీ కలిపి ఒకటే ఫోను. మనిషికి మూడు నిమిషాలు, వెనకాల క్యూ. అతను మాట్లాడినంతసేపూ ఇక్కడ ఫోన్లోంచి మంచు రాలుతుంది.

ఎడారిలో ఉన్నప్పుడు ఇసుక రాలేది. నీళ్ల గొట్టాలకు అడ్డుపడుతోందని అపార్ట్‌మెంట్ సెక్రటరీ లిఫ్టులో నోటీసు కూడా అంటించాడు. మంచుతో ఆ బెడద తీరింది. పైగా కింది వాటా రత్నమ్మ ప్రతి ఆదివారం గిన్నె పట్టుకుని వచ్చేస్తుంది.

"సుబ్బమ్మక్కా, జర మంచు ఇయ్యరాదు, మోకాలు గుంజుతున్నది."

ఆ ఇంట్లో ఒకే ఒక్క ప్రశ్న అడగకూడదు. ఎక్కడున్నావు అని. పోస్టు పేరు, దారి, బండ్లు కదిలే రోజు ఫోన్లో గానీ నెట్‌లో గానీ బయటపెట్టకూడదని పటాలం నియమం. సుబ్బమ్మ దాన్ని తనకు తగ్గట్టు సులువు చేసుకుంది. "యాడుండావని అడగొద్దు, తిన్న్యావా అని అడుగు. తింటాండాడంటే యాడో ఒకచోట బాగుండాడనే గదా" అంటుంది.

కోడలు లావణ్యకు ఎనిమిదో నెల. హైటెక్ సిటీలో ఉద్యోగం. మోసపు ఫోన్లకు లొంగిపోవద్దని బ్యాంకుల ఖాతాదారులకు హెచ్చరికలు తయారు చేయడం ఆమె పని. దీపం కిందే చీకటి అంటారు. పురిటికి మధుసూదన్‌కి సెలవు ఖరారైన రోజున, కొండ దిగాక ఎక్కాల్సిన రైలుకి టికెట్ తనే తీసింది. పైన నెట్ ఉండదు కాబట్టి పటాలంలో చాలామందికి టికెట్లు తీసేది ఇంటి ఆడవాళ్లే. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత సంతోషం పట్టలేక, "మా ఆయన వచ్చేస్తున్నాడోచ్" అని రాసి, పెళ్లి వీడియో జోడించి, ఇన్‌స్టాలో ఊరందరికీ కనపడేలా పెట్టేసింది. ఏ స్టేషనో, ఏ తేదీయో మాత్రం రాయలేదు, నేనూ చెప్పను. ఆ ఇంటి నియమమే మనదీను.

తర్వాత రెండు ఆదివారాలు ఫోన్ రాలేదు. పళ్లెం ఖాళీగానే లోపలికి వెళ్లింది. ఆ బుధవారం మధ్యాహ్నం లావణ్య ఇంట్లోంచే పని చేసుకుంటుంటే కొత్త నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర నిండా మధుసూదన్. అదే నవ్వు, అదే గొంతు.

"లావణ్యా, పని మీద కిందికి దిగినా. ఈడ నెట్ ఉంది. నా టికెట్ యాడినుంచి, ఏ తేదీకి తీసినావు? ఒకసారి నాకు పంపు, ఆఫీసులో చూపించాల."

పదిహేడు రోజుల తర్వాత మొగుడి గొంతు, అదీ ముఖంతో సహా. లావణ్యకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. "ఉండు, పంపుతా" అంటూ టికెట్ వెతికింది.

సుబ్బమ్మ అలవాటుకొద్దీ పళ్లెం తెచ్చి ఫోను కింద పెట్టింది. కొడుకును కళ్లారా చూసుకుంది. తర్వాత పళ్లెంలోకి చూసి, దాన్ని అరచేత్తో తడిమింది.

"ఏమ్మా, ఒక్క రవ్వ కూడా రాల్లేదే?"

"కిందికి దిగాడంట కదత్తా. అక్కడ మంచు ఉండదేమో."

"మంచు లేకుంటే దుమ్ము రాలాల. ఎండుటాకు రాలాల. ఏమీ లేనిచోట మనిషి ఎట్లుంటాడు?"

లావణ్య వేలు ఆగింది. సుబ్బమ్మ తెర మీదికి వంగింది.

"తిన్న్యావా నాయనా?"

"ఆఁ, తిన్నా. టికెట్ పంపమను, తొందరగా."

పళ్లెం పొడిగానే ఉంది. సుబ్బమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "కట్ చెయ్‌మ్మా" అంది. లావణ్యకు చెయ్యి రాలేదు. వీడియోల్లోంచి దొంగ ముఖాలు, గొంతులు ఎలా పుట్టిస్తారో రోజూ పదిమందికి చెప్పే మనిషే. అయినా నిజంగా ఆయనే అయితే? చివరికి అత్త తన చెయ్యి కోడలి చెయ్యి మీద వేసి, ఇద్దరి వేళ్లతో ఎర్ర గుర్తు నొక్కించింది. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత లావణ్య పటాలం వాళ్లు కుటుంబాలకిచ్చిన నంబరుకి ఫోన్ చేసి, ఇన్‌స్టా సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పేసింది. ఇంకెవరింటికైనా ఇలాంటి కాల్ వెళ్లిందా, ఎవరైనా తేదీ చెప్పేశారా కనుక్కుంటామన్నారు వాళ్లు. పెళ్లి వీడియో తీసేసింది. టికెట్ రద్దు చేసింది.

రద్దయిన టికెట్ తేదీ ఆదివారం పడింది. పదిన్నరకి ఫోన్ మోగింది, మంచు రాలింది. అత్తాకోడళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"ఈరోజు బండ్లు దిగాల్సింది. ఆపేసినారు కాబట్టి చెప్తున్నా, ఎందుకో తెలీదు. పురిటికి మాత్రం వస్తా, నువ్వు బాధపడొద్దు..."

మాట మధ్యలో దూరంగా ఉరిమినట్టయింది. ఫోన్లోంచి మంచుతో పాటు మసి రాలింది. పళ్లెంలోంచి మందుగుండు వాసన లేచింది.

అర నిమిషానికి మధుసూదన్ గొంతు వినిపించింది. "దారిలో ఏదో పేలింది. ఎవరూ లేర్లే. దారి ఖాళీ."

ఎక్కడ అన్న మాట లావణ్య పెదాల దాకా వచ్చింది. మింగేసింది.

"తిన్నావా?" అని అడిగింది.

"తిన్నా. నువ్వు?"

మళ్లీ తెల్లటి మంచే రాలసాగింది. మూడు నిమిషాలూ అయిపోయాయి. గుమ్మంలో రత్నమ్మ గిన్నెతో నిలబడి ఉంది.

"ఆగు రత్నమ్మా" అంది సుబ్బమ్మ. ఫోను తెరను కొంగుతో తుడిచి, పళ్లెంలోని మసిని వేలికి అద్దుకుని, ఒక మూల దిష్టిచుక్క పెట్టింది. అది ఎక్కడ చెరిగిపోతుందోనని ఆ రోజంతా లావణ్య ఆ ఫోను ముట్టుకోలేదు.