లింఫో గడి

సోమవారం పై అధికారి బడికి వస్తున్నాడు. ఇంకేముంది, హెడ్మాస్టరు ఖెతిసికి కాలు ఒకచోట నిలవడం లేదు.

"బోర్డు మీద ఓ కుండ బొమ్మ గీసి పడేయండి మాలింఫో అమ్మా! పిల్లలు చూసి దించుకుంటారు. అందరివీ ఒక్కలాగే, చూడముచ్చటగా ఉంటాయి."

మాలింఫో ససేమిరా అంది. పిల్లల బొమ్మ మీద టీచరు చెయ్యి పడకూడదన్నది ఆవిడ పట్టుదల. ఎవరింటి గోడ మీద అమ్మలూ అమ్మమ్మలూ వేసిన గీతలు వాళ్ళు చూసి రావాలి. తరగతి వెనక మట్టిగోడ మీద ఎవరి గడిలో వాళ్ళు గీయాలి.

"సరే, మీ ఇష్టం. గోడ సగంలో ఆగిందో, ఇకమీదట మీ శుక్రవారం బొమ్మల గంట లెక్కలకు పోతుంది. తర్వాత నన్ననకండి!"

ఆవిడకు ఆఫ్రికాలోని ఈ లెసోతో కొండల్లోకి బదిలీ మీద వచ్చిన ఆరునెలల్లో, మనుషుల మధ్య ఉన్నాననిపించేది ఆ ఒక్క గంటే. మిగతా వారమంతా పాఠం చెప్పడం, అద్దెగదికి పోవడం, మొక్కజొన్న సంకటి ఒక్కతే కూచుని తినడం. తిన్నావా అని అడిగే దిక్కు లేదు పాపం.

శుక్రవారం పేడ కలిపిన మట్టి గోడకు మెత్తారు. పిల్లలు ముప్ఫై ఒక్కమంది. వేళ్ళతో, ఫోర్కులతో తడిమట్టి మీద గీతలు గీసి, కింద పేర్లు రాశారు. చివర ఒక గడి ఖాళీగా మిగిలింది.

"ఇదెవరిదే?" అంది మాలింఫో.

"లింఫోదమ్మా," అంది తుమెలో, అందరిలోకీ చిన్నది. "మీ అమ్మాయి వస్తే గీస్తుందని మేమే ఉంచాం. ఎప్పుడొస్తుంది?"

మాలింఫో అంటే లింఫో తల్లి. ఆ దేశంలో పెళ్ళినాడే పుట్టబోయే బిడ్డ పేరు కోడలికి తగిలించేస్తారు అత్తవారు. బిడ్డ పుట్టలేదు, భర్త పోయాడు, ఆ పేరొక్కటీ మిగిలింది.

కిటికీలోంచి ఖెతిసి తొంగిచూశాడు. "మట్టి ఆరిపోతోంది. ఇంకా ఖాళీయేనా?"

"లింఫో రాదర్రా," అంది మాలింఫో. "నాకసలు పిల్లలు పుట్టలేదు."

ఇరవయ్యేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయింది. తుమెలో వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని తడిమట్టి మీద పెట్టింది.

"అయితే తన బదులు మీరే గీయండమ్మా. తొందరగా, ఆరిపోతోంది!"

పట్టుదల సంగతి అప్పుడు గుర్తు రాలేదావిడకు. గీసింది. వంకరటింకరగా వచ్చింది. కింద లింఫో అని రాసింది.

సోమవారం అధికారి గోడంతా తిరిగి చూసి, "భేష్! ఈ గంట ఉండాల్సిందే," అన్నాడు. హెడ్మాస్టరు తానే గీయించినట్టు మీసం దువ్వుకున్నాడు. అధికారి పేర్లన్నీ హాజరుపట్టీతో సరిచూసి, "ఈ లింఫో ఎవరు? పట్టీలో లేదే?" అన్నాడు.

"మా టీచరమ్మ కూతురండీ!" అన్నారు పిల్లలంతా ఒక్కసారే.

"ఇవాళ రాలేదు," అంది తుమెలో.

మాలింఫో వాళ్ళను సరిదిద్దలేదు.