అభ్యంతరం ఉంది

లిఫ్టు మెకానిక్కుకు పనిమంతుడని పేరు. ఏ రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టునైనా చిటికెలో కదిలిస్తాడు. పెళ్లాం చెప్పిన మాట ఒక్కటే ఆయన బుర్రకెక్కదు. నెల రోజులుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతోంది మహాతల్లి. ఇన్నిసార్లు గోడకు చెప్పినా ఈపాటికి తలూపేది.

పోనీ, తలతిరిగే చిక్కా అంటే అదీ కాదు. కంపెనీ ఆయన్ని విదేశం పంపుతోంది, భార్యను వెంట తీసుకెళ్లొచ్చు. రెండు ఊళ్లు చూపించి ఒకటి ఎంచుకోమంది. ఆవిడేమో ఎనిమిదేళ్లుగా కోర్టులో తీర్పుల నకళ్లు టైపు చేస్తోంది. ఎవరో వాదించినది కొట్టీ కొట్టీ విసుగెత్తిపోయింది. అక్కడ లా చదివి, తనే లేచి నిలబడి వాదించాలని పట్టుదల. మొదటి ఊళ్లో అయితే, మెకానిక్కు పనిచేయబోయే డిపోకు పక్కవీధిలోనే కాలేజీ. కానీ అక్కడ చదివితే చట్టం తెలుస్తుందే తప్ప కోర్టులో వాదించనివ్వరు. వాదించే అర్హత ఇచ్చే కాలేజీ ఉన్నది రెండో ఊళ్లో.

"ఏ లా అయితే ఏంటే? ఎక్కడైనా లిఫ్టు పైకీ కిందకేగా పోయేది!" అంటాడాయన.

"చట్టం లిఫ్టు కాదండీ బాబూ!"

బట్టలు మడతపెడుతూ అత్తగారు అందుకునేది. "అయినా వాదించడానికి చదువెందుకమ్మా? ఏ చదువూ లేకుండానే మీ మామగారి మీద ముప్పై ఏళ్లు గెలుచుకొచ్చా."

ఇలాంటి ఇంట్లో ఎవరితో మొరపెట్టుకోవాలి చెప్పండి!

ఆ మధ్యాహ్నం మెకానిక్కు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడో సంతకం పెట్టు. ఐదింటికల్లా పంపాలి."

పైన మొదటి ఊరి పేరు. కింద, 'అక్కడికి రావడానికి నాకు ఎలాంటి అభ్యంతరం లేదు' అని అచ్చు.

ఆవిడకు ఒళ్లు మండింది. అభ్యంతరం అన్న మాటను ఎన్ని వేలసార్లు టైపు చేసిందో. అందులో ఒక్కటీ తనది కాదు. పెన్ను తీసింది. 'ఎలాంటి' కొట్టేసింది, 'లేదు' కొట్టేసింది, పైన 'ఉంది' అని రాసింది. కోర్టు కాగితాల్లో చేసినట్టే దిద్దిన ప్రతిచోటా పొట్టి సంతకం చేసి, తనే ఫోన్‌తో ఫోటో తీసి కంపెనీకి పంపేసింది.

"ఎంత పని చేశావే!" అని ఆయన లబోదిబోమంటుండగానే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

"అభ్యంతరమా అండీ? అదీ... అంటే..." మెకానిక్కు బుర్ర గోక్కున్నాడు. నెల రోజులు విన్నాడు కదా, ఒక్క ముక్క గుర్తుంటేనా! స్పీకరు నొక్కి ఫోన్ ఆవిడ చేతిలో పెట్టేశాడు.

"నేను లాయరు అవ్వాలండి," అంది ఆవిడ. బయటివాళ్లతో ఆ మాట అనడం అదే మొదలు, గొంతు వణికింది. "అందుకు మాకు రెండో ఊరే కావాలి."

అవతల ఆఫీసరమ్మ కాగితాలు తిరగేసింది. "మరి మొదట ఇచ్చిన ఫారంలో, భార్య అక్కడ ఏం చేయాలనుకుంటున్నారు అన్నచోట 'ఏమీ లేదు' అని ఉందేంటమ్మా?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన నేలచూపులు చూశాడు. పక్కనే బట్టలు మడతపెడుతున్న అత్తగారి చేయి ఆగిపోయింది.

"ఏరా, అలా రాశావా?"



"అది ఆయన రాశారండి, నన్నడగలేదు," అంది ఆవిడ. ఈసారి గొంతు వణకలేదు. "కొత్త ఫారం పంపించండి. నేనే నింపుతాను."