మగ్గం గుంటలో నారు

మగ్గాన్ని విప్పి బండికెత్తిన రోజు నేను ఏడవలేదు. అది చూసి మా తమ్ముడు మునికృష్ణకు ధైర్యం వచ్చింది. ఆ సాయంత్రమే గుంట పూడ్చే మాట తీశాడు.

మగ్గం లేని గుంట ఇంట్లో ఉంటే అది సమాధితో సమానమని మావాళ్ళ నమ్మకం. మంచిరోజు చూసి మన్ను పోసి, పసుపునీళ్ళు చల్లి, నేలలో కలిపేస్తారు. ఆ పైన సిమెంటు వేయించి పవర్‌లూమ్ దించాలని వాడి ఆలోచన.

ఆ గుంట మా నాయన తవ్వింది. ఆయన పోయాక దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, నేను నేశాను. పెళ్ళి చేసుకోలేదు. మా వీధిలో చాలామందికి నేను నడుము పైనున్నంత మనిషినే. కిటికీలోంచి చూస్తే అంతే కనిపించేదాన్ని. మిగతా సగం గుంటలో ఉండేది. పూడ్చాక ఈ వనజాక్షి ఇంట్లో ఎక్కడ కూర్చుంటుందని నా గురించి ఎవరూ అడగలేదు. నేనూ అడగమనలేదు. మన్ను పోయడమేగా, నేనే పోస్తానన్నాను.

పోశాను. ఎర్రమన్నులో మేకల పెంట జల్లించి కలిపి, గుంట అడుగున జానెడు మందం పరిచాను. తమ్ముడి భార్య మునిలక్ష్మి తట్టలు అందించింది. పూడుస్తున్నాననే అనుకుంది పాపం. నేను లోపలికి దిగి టమాటా గింజలకు బూడిద పట్టించి వరసలు వేయడం మొదలుపెట్టేసరికి ఆమె చేతిలోని తట్ట కిందికి దిగింది.

"ఏమొదినా ఇది?"

"మన్ను పొయ్యమంటిరి కదా."

ఈ ఆలోచన నా స్నేహితురాలు సెల్లమ్మ మాటల్లోంచి పుట్టింది. ఆమెకు కనకమ్మ సత్రం ఊరి దగ్గర చిన్న పొలం చెక్క ఉంది. ఐప్పసి నెలలో, దీపావళి వానలకు బయట పోసిన నారు ఏటా కొట్టుకుపోతుందని, వానలు వెనక్కి తగ్గి సంక్రాంతితో తై నెల వచ్చేసరికి నాటడానికి చేతిలో మొక్క ఉండదని వాపోయేది. ఇంట్లో నారు పెంచితే తన నేలలో నాటి, కాపు ఇద్దరం పంచుకుందామని నేనే అడిగాను. గుంటకు సరిగ్గా పైన కప్పులో ఒక అద్దపు పెంకు ఉంది. పోగు కనబడాలని నాయన పెట్టించింది. పోగుకు చాలిన వెలుతురు మొలకకు చాలదా అనుకున్నాను.

మిరప గింజలు మొండివి. వాటిని తడిగుడ్డలో మూటకట్టి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టాను. మునిలక్ష్మి వంటకు కూర్చున్నప్పుడల్లా దాన్ని దూరంగా జరిపేది. ఆమె లేవగానే నేను మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. ఆ మూట గురించి మేమిద్దరం ఒక్క మాటా అనుకోలేదు. దాని లోపల గింజలు పగిలాయి; వాటిని గుంట మూలన నాటాను.

టమాటాలు ముందు మొలిచాయి, పడుగు పరిచినట్టు దట్టంగా. సెల్లమ్మ చూడటానికి వచ్చి మొదట సంతోషపడింది, తర్వాత తల గోక్కుంది. ఇంత ఒత్తుగా ఉంటే ఏదీ నిలబడదని, బలం లేనివాటిని పీకేయమని చెప్పింది.

"పీకేది లేదు," అన్నాను.

"ఏమక్కా, నీ బిడ్డలా అవి? నారంటే అంతే. సగం పోతేనే సగం బతుకుతాది."

"తెగిన పోగును అతుకుతాముగానీ పారేసేది మా ఇంట్లో లేదు సెల్లమ్మా."

ఆమె నన్ను వింతగా చూసి బస్సుకు వెళ్ళిపోయింది.

ఆమె చెప్పిందే జరిగింది. మొలకలు వెలుతురు కోసం ఒకదాని మీదుగా ఒకటి మెడలు సాచి, తెల్లగా సన్నబడి, మొదళ్ళ దగ్గర వాలసాగాయి. అప్పుడు నేను చేసింది నేతగాళ్ళు తప్ప ఎవరూ చేయరు. వెదురు పుల్లలు సన్నగా చీల్చి, వాలిన ప్రతి మొలకనూ నూలుపోగుతో పుల్లకు కట్టాను. రోజంతా అదే పని. నా వేళ్ళకు అది ఎంత బాగుందో చెప్పలేను. మరునాటికి ముడి వేసిన చోటల్లా కాడ నల్లబడింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడి చూసి నవ్వాడు. "గంజి పెట్టలేదా అక్కా? పోగులు నిలబడలేదే."

వాడు పోయాక చాలాసేపు ఆ నల్లబడిన ముడుల్నే చూశాను. నేను కాపాడుతున్నది మొక్కల్నా? ఈ ఇంట్లో పీకేయాల్సిన మొలక ఎవరో నాకు తెలుసు. అది తెలిసినందుకే ఒక్కదాన్నీ పీకలేకపోతున్నాను. ఈ సంగతి అర్థమైతే చెయ్యి తేలికపడాలి. పడలేదు. అర్థం చేసుకోవడానికీ చెయ్యి కదలడానికీ మధ్య ఇంకేదో ఉంది. దాని పేరు నాకు తెలియదు.

వానలు కాస్త తెరిపి ఇవ్వగానే మునికృష్ణ తిరువళ్ళూరు నుంచి ఆరోగ్యస్వామి అనే మేస్త్రీని పిలిపించాడు. ఆ మనిషి ఇసుక తట్టతో లోపలికి వచ్చేసరికి నేను గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి ఉన్నాను. పాదాలు నేరుగా మన్ను మీద ఆనాయి, ఒక్క మొలకనూ తొక్కకుండా. అప్పుడు చూశాను: ఒకప్పుడు తొక్కుడు చెక్కలుండిన చోట రెండు పాదాలంత జాగా విత్తకుండా వదిలేశాను. విత్తేటప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. కాళ్ళకు తెలిసినట్టుంది.

తమ్ముడు లెయ్యమన్నాడు. మేస్త్రీ ముందర మానం తియ్యొద్దన్నాడు. చచ్చిన నారు కోసం ఎవరైనా ఇల్లు ఆపుకుంటారా అన్నాడు. ఇంట్లో గుంట ఉంటే అరిష్టమని మునిలక్ష్మి వెనకనుంచి అందుకుంది.

"పొయ్యల్లంటే నా కాళ్ళ మీద పొయ్యి, మునికృష్ణా. నేను లేసేది లేదు."

నా గొంతు నేననుకున్నంత పెద్దగా రాలేదు. మగ్గం మీద కూర్చుని పోగు నడిపే నాడె అందివ్వమని అడిగే గొంతే అది. ఆరోగ్యస్వామి మా ఇద్దరినీ చూసి తట్ట కిందపెట్టాడు. ఇది తాను మాట్లాడే సంగతి కాదన్నట్టు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

నా చేతులకు ఏదో ఒక పని కావలసివచ్చింది. వంగి, పుల్లకు కట్టిన ఒక మొలకను పట్టుకున్నాను. సులువుగా ఊడివచ్చింది. ఇంకొకటి లాగాను. మూడోదాని దగ్గర ఆగి, దాని పక్కదాన్ని లాగాను. వాళ్ళు నాకు చేయాలనుకుంటున్న పనే నేను వీటికి చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి ఆగలేదు. ఏది ఉండాలో, ఏది పోవాలో గుమ్మంలో నిలబడినవాడు చెప్పడంలేదు. లోపల కాళ్ళు పెట్టుకుని కూర్చున్నదాన్ని నేను చెబుతున్నాను. ఆ తేడా చాలు నాకు. పీకినవాటిని పక్కనే ఉన్న ఇసుక తట్టలో వేశాను.

వరసల మధ్య నేల కనిపించసాగింది. మిగిలిన మొలకలు ఇక ఒకదానికొకటి తగలడంలేదు. గుంట మూలన మిరప మొలకలు రెండేసి ఆకులతో పొట్టిగా, గట్టిగా ఉన్నాయి. మేస్త్రీ వంగి చూసి, అవి గుండు మిరపా, పొడుగు మిరపా అని అడిగాడు. గుండు మిరపేనన్నాను.

"సరి, తై దాకా ఉంచుకో," అన్నాడు తమ్ముడు చివరికి, నా వైపు చూడకుండా. "నారు పోయినాక పూడ్చేస్తాం."

"నారు పోయినాక వంగనారు పోస్తా."

వాడు మేస్త్రీని తీసుకుని ముందు గదిలోకి వెళ్ళాడు. నేను బూడిద చిప్ప దగ్గరికి లాక్కుని మొదళ్ళకు చల్లుతున్నాను. మంచం ఈడ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత పవర్‌లూమ్‌కు గోడ నుంచి గోడకు కొలత చెబుతున్న ఆరోగ్యస్వామి గొంతు, మంచం యాడ పెట్టేదని అడుగుతున్న మునిలక్ష్మి గొంతు.

నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. తీయలేదు.