వీధి వైపు గోడ

హిందూపురంలో మా ఆఫీసు బోర్డు మీద ఇప్పటికీ నాయన పేరే ఉంది. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోకముందే "మీ నాయన గీసినట్లే గీయి నాగేంద్రా" అంటారు. బెంగళూరులో ఐదేళ్లు ఆర్కిటెక్చర్ చదివి, పన్నెండేళ్లు ఆయన పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఆ మాట ఎంత మంటగా ఉంటుందో వాళ్లకేం తెలుసు!

ఆయన పోయాక పూర్తిగా నా బుర్రతో గీసిన మొదటి ఇల్లు ధర్మవరంలో గంగాదేవక్కది. ఆమె పట్టుచీరలు నేస్తుంది. వీధి వైపు గోడకు కిటికీ లేకుండా, ఎర్ర ఇటుకలను ముందుకూ వెనక్కూ పేర్పించాను. ఎండ పడితే ఆ గోడ అందమే వేరు. కనిపించినవాళ్లందరికీ ఫోన్‌లో దాని ఫోటో చూపించాను. ఇక జనం నన్ను నా పేరుతో వెతుక్కుంటూ వస్తారనుకున్నాను.

గృహప్రవేశమై నెల దాటినా ఆమె మగ్గం కొత్తింటికి రాలేదు. ఫోన్ చేస్తే, "ఇల్లు బాడుగకిస్తాం సార్. మేము పాతింట్లోనే ఉంటాం" అంది. నాకు తల కొట్టేసినట్లయింది.

మరునాడే పెనుకొండలో మేస్త్రీ బాబావలి మామను కారెక్కించుకుని బయల్దేరాను. ఆ ఇల్లు కట్టింది ఆయనే. ముప్పై ఏళ్లుగా నాయన గీసిన ఇళ్లు కట్టిందీ ఆయనే. దారంతా నేనే వాగాను.

గంగాదేవక్క కాఫీ ఇచ్చి, కొత్తింట్లో మగ్గం కోసం కట్టిన గదిలోకి తీసుకెళ్లింది. "ఈడ కూర్చో సార్" అని మగ్గం గుంత చూపించింది. కాళ్లు గుంతలోకి వేసి కూర్చున్నాను. తాను నేసిన చీర తెచ్చి, మగ్గం మీద ఉండేంత ఎత్తులో నా ముందు పట్టుకుంది.

"ఏమన్నా కనపడతాందా?"

కిటికీ నా వీపు వెనక ఉంది. చీరంతా నా నీడే. జరీ పోగేదో, పట్టు పోగేదో తెలియలేదు.

"పక్కనుంచి వెలుతురు రావల్ల సార్. పొద్దంతా లైటు కింద నేస్తే కండ్లు పోతాయి. అంత ఇష్టంగా కట్టిస్తివి, నీకెట్ల చెప్పేదని ఊరికుంటి."

పక్క అంటే వీధి వైపే, నా గోడే.

బాబావలి మామ మీద విరుచుకుపడ్డాను. "నీకు తెలుసు కదా మామా! ఎందుకు చెప్పలేదు?"

"మొదటి దినమే అంటివి గదప్పా, గీసింది కట్టు, సలహాలొద్దు అని."

అన్నాను. నాయన మనుషుల ముందు పెద్దరికం చూపించాలని అన్నాను. ఇప్పుడు సిగ్గేసింది. బయటికెళ్లి ఆ గోడను కాసేపు చూసుకుని, "పగలగొట్టు మామా" అన్నాను.

ఆయన సంచిలోంచి సుత్తి, ఉలి తీశాడు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే పెట్టుకున్నాడన్నమాట!

మధ్యాహ్నానికి గోడలో కిటికీ అంత ఖాళీ ఏర్పడింది. ఈసారి గుంతలో గంగాదేవక్కే కూర్చుంది. చీర ఒళ్లో పరుచుకుని, ఒక్కొక్క పోగు వేలితో తడిమి చూసి, "రేపే మగ్గం తెప్పిస్తా సార్" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బాబావలి మామ చేతుల దుమ్ము దులుపుకుంటూ నా పక్కకొచ్చాడు.

"నువ్వు బెంగళూర్లో చదివేటప్పుడు మీ నాయన ఈ ఊర్లోనే మొదటి మగ్గమిల్లు గీసినాడు. ఆయప్పా ఇట్లనే కిటికీ వెనక పెట్టినాడు. ఆ గోడా నేనే పగలగొట్టినా. 'మావానికి చెప్పాకు బాబావలీ, నవ్వుతాడు' అన్యాడు."

నవ్వేవాణ్ణే. తప్పకుండా నవ్వేవాణ్ణి. ఆయన చెప్పుంటే, ఒకే గదిలో కూర్చున్న ఆ పన్నెండేళ్లలో ఒక్కరోజైనా ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్లం.