దెబ్బలు తిని ఆడిన డిస్కో

"మా డిస్కో మీకు నవ్వులాటయిందా? ఎవలు నేర్పిన్రు గీ ఎక్కిరింపులు?"

మల్కాజ్‌గిరి ఇంట్లో చాయ్ పళ్లెంతో వచ్చిన సుకన్య గుమ్మంలోనే అరిచింది. కూతురు స్రవంతి, ఆమె సాఫ్ట్‌వేర్ స్నేహితులు కంపెనీ ఫంక్షన్ కోసం డిస్కో స్కిట్ ప్రాక్టీసు చేస్తున్నారు. తళతళలాడే చొక్కాలేసుకుని, మూతులు తిప్పుతూ పడీ పడీ నవ్వుతున్నారు.

"కామెడీ ఐటమే కదమ్మా, లైట్ తీసుకో!" అంది స్రవంతి.

"ఏం లైటే? నా చిన్నప్పుడు రాంగోపాల్‌పేట్‌ల వినాయకుని మండపం ముంగట మొగపోరలే ఆడుతుంటే నేను సుత దిగి ఆడిన. మీ తాత బెల్టుతోని కొట్టిండు. తెల్లారి మల్ల ఆడిన. గందుకే ఇయ్యాల నిన్ను కొట్టెటోడు లేడు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. స్రవంతి బిక్కమొహంతో పాట ఆపబోయింది. సుకన్య పళ్లెం కింద పెట్టి కొంగు నడుముకు దోపింది.

"ఆపకు. పాట మొదటి నుంచి పెట్టు. ఎక్కిరింపు బంద్ చేసి, నా పక్కన నిలబడి సక్కగ ఆడు."