ప్రార్థనలో కళ్ళు మూయని ఆయమ్మ

అందరూ కళ్ళు మూసుకున్నారు, ఆయమ్మ తప్ప. నగరంలో ఓ ఇరుకు సందులో, పాత మేడలో నడిచే ఆ చిన్న క్రైస్తవ బడిలో పొద్దుటి ప్రార్థనప్పుడు చంటిపిల్లల వరస వెనక కాపలా ఉండడం ఆమె పని. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూడకపోతే ఒకడు పక్కవాడి జుట్టు పీకుతాడు, ఇంకొకతె చక్కగా గేటుదాకా నడిచిపోతుంది. మరి కళ్ళు మూసుకునే యోగం ఆమెకెక్కడిది?

ప్రార్థనకు ముందు పెద్ద టీచరు, "ఎవరికోసం అడుగుదాం?" అంటుంది. పిల్లలు చేతులెత్తుతారు. ఒకరి తాతకు మోకాళ్ళ నొప్పులు, ఒకరి పిల్లి కాలికి దెబ్బ. పిల్లికోసం కూడా బడి బడంతా ఆమెన్ అంది. ఆయమ్మకోసం అడగడానికి నా అనేవాళ్ళు లేరు.

మర్నాడు ఆమె గుండెకు ఆపరేషను. గుండెజబ్బంటే పనిలో ఉంచరేమోనని, ఒంట్లో నలతగా ఉందని చెప్పి సెలవు తీసుకుంది. ఈ ఒక్కసారి తనకోసం ఎవరైనా అడిగితే బాగుండునని ప్రాణం కొట్టుకులాడింది. చెయ్యెత్తబోయి, సిగ్గేసి, నెరిసిన జుట్టు సర్దుకుంది.

పగలంతా మామూలే. డబ్బాల మూతలు తీసింది, ముక్కులు తుడిచింది, చెదిరిన తలలు దువ్వింది, తడిసిన నిక్కర్లు మార్చింది. సాయంత్రానికి, తల్లి ఆలస్యంగా వచ్చే ఒక్క పిల్ల మిగిలింది. నోరు మూతపడదని టీచర్లు దానికి వసపిట్ట అని పేరు పెట్టారు. పని పోతే పోయిందనుకుని ఆయమ్మ దాని పక్కన కూర్చుంది.

"రేపు టీచరు అడిగినప్పుడు నా గురించి చెప్తావా తల్లీ?"

"నీకేమైంది?"

"గుండెలో నొప్పి."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"రేపు నేను రాను. అయినా నాకోసం నేనే అడుక్కుంటే ఏం బాగుంటుందే?"

వసపిట్ట వేలు చూపిస్తూ షరతు పెట్టింది. "సరే. కానీ నువ్వూ కళ్ళు మూసుకోవాలి. ఎప్పుడూ మూసుకోవు."

"ఆ సంగతి నీకెలా తెలుసు?"

పిల్ల నాలుక కరుచుకుంది. ఆయమ్మ పడీ పడీ నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆసుపత్రికెళ్ళే బస్సులో ఆమెకు భయం సగం తగ్గింది.

మర్నాడు వసపిట్ట అందరికన్నా ముందు చెయ్యెత్తింది. "మా ఆయమ్మకి గుండె బాగవ్వాలి."

పెద్ద టీచరు మొహం పాలిపోయింది. బడంతా కళ్ళు మూసుకుంది. వరస వెనక కాపలా లేకపోయినా ఆ పూట ఒక్క పిల్లా కదల్లేదు. వసపిట్ట కూడా దొంగచూపు చూడలేదు.

పాపం, తెల్లారగానే మొదలైన ఆపరేషనులో, బల్ల మీదే ఆయమ్మ ప్రాణం అప్పటికే పోయింది. కబురు మధ్యాహ్నానికి వచ్చింది. పెద్ద టీచరు బడిలోని ఆయమ్మ అల్మారా తెరిచింది. లోపల పళ్ళు విరిగిన దువ్వెన ఒకటి ఉంది. దాని నిండా పిల్లల నల్లటి, మెత్తటి వెంట్రుకలే. తెల్లది ఒక్కటీ లేదు.