కల్లు వాసన పట్టిన ఫ్లాస్కు

నేను ఒక స్టీలు ఫ్లాస్కును. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, అక్కడి సంగతులు చెప్పుకోదగ్గవి కావు. బతుకు మొదలైంది మాత్రం హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి గేటు ఎదురుగా, బకెట్లూ చాపలూ దుప్పట్లూ ఫ్లాస్కులూ అమ్మే బండి మీద. ఆసుపత్రి ముందు ఇన్ని ఫ్లాస్కులు ఎందుకమ్ముతారా అని అప్పుడే అనుమానం వచ్చింది. అనుమానం నా స్వభావం. నోరు బిగించేసి, కడుపులో ఏం పోస్తున్నారో చెప్పకుండా పోసేవాళ్ల మధ్య బతికితే మీకూ వస్తుంది.

నన్ను కొన్నది లచ్చవ్వ. ఆమె భర్త నర్సింలుకు అన్నవాహికలో క్యాన్సర్. అన్నం దిగడం లేదు, గంజీ జావా నాలోంచే పోసేది. రేడియేషన్ మొదలైంది. అది పనిచేస్తే మళ్లీ ముద్ద మింగుతాడు, లేకపోతే లేదు. ఆ ఇంట్లో అందరికీ అర్థమైన సంగతి ఇదొక్కటే.

ఆసుపత్రిలో చేరిననాడు పెద్ద డాక్టరు అడిగాడు, "బీడీ? ఖైనీ? గుట్కా?"

"ఏ అలవాటూ లేదు సారూ" అన్నాడు నర్సింలు.

డాక్టరు తలూపి వెళ్లిపోయాడు. తాగుడు ఊసెత్తలేదు. గోడల నిండా బీడీని తిట్టే బొమ్మలే, గ్లాసును తిట్టేది ఒక్కటీ లేదు. మరిచిపోయారా, సాయంత్రం తమ చేతుల్లోనూ గ్లాసుంటుందని మొహమాటపడ్డారా? నాకైతే రెండోదే అనిపించింది.

లచ్చవ్వ తమ్ముడు కొమురయ్య చూడవచ్చాడు. పట్నం వాళ్లు ఆపిల్ పళ్లు తెచ్చినట్టు, వాళ్ల వైపు వాళ్లు రోగికి కల్లు తెస్తారు. గంజి ఒంపేసి, నన్ను కడిగి, నిండా కల్లు పోశాడు.

"తాగు బావా, సలువ చేస్తది. ఇదేమన్న బ్రాందీయా? చెట్టు పాలు."

నర్సింలు గుటకేశాడు. మంటకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదా చలువ అని నాకు ఒళ్లు మండింది.

అప్పుడే రోగులకు సలహాలూ ధైర్యమూ చెప్పే స్వరూప మేడం వచ్చి నా మూత తీసి వాసన చూసింది. ఇక తిట్లే అనుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ మెత్తదనం వెనక ఏముందో అని దాన్నీ అనుమానించాను.

"ఎప్పటినుంచి తాగుతున్నారు పెద్దాయనా?"

"మీసాలు రాకముందు సంది అమ్మా. గని నేను తాగుబోతును కాను. కల్లు ఒక్కటే."

"కల్లైనా బీరైనా బ్రాందీ అయినా, నిషా ఇచ్చేది ఒకటే. ఈ జబ్బు ముప్పు పెంచేదీ అదే. ఇప్పుడు తాగితే లోపల పుండు మానదు. మానేశాక వణుకొచ్చినా నిద్ర పట్టకపోయినా మాకు చెప్పండి, మందులిస్తాం."

నర్సింలు మంచం మీద లేచి కూర్చున్నాడు. "మరి వచ్చిననాడే ఎందుకడగలే అమ్మా?"

"అడగాల్సింది" అంది మేడం, తల దించుకుని. ఆమె లేచి వెళుతుంటే నాకు ఆమెను నమ్మబుద్ధయింది.

కొమురయ్య కల్లంతా సింకులో పారబోసి వచ్చాడు. లచ్చవ్వ వేడినీళ్లు పోసింది. సిగ్గుతో నోరెండిపోయిందేమో, ముందు కొమురయ్యే నా మూతలో పోసుకుని తాగాడు. గుటక దిగలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, మెడ సాచి, మళ్లీ మింగాడు.

"ఏం లేదక్కా, గాలి అడ్డం పడ్డది."

లచ్చవ్వ నన్ను కింద పెట్టేసింది. భర్త కూడా మొదట్లో ఇదే మాట అనేవాడు. తమ్ముడి రెక్క పట్టుకుని వరండాలోకి పరుగెత్తింది.

"ఓ మేడమ్మా, ఆగు! వీణ్ని గూడ అడుగు!"

నా అనుమానాలు నిజమైతే లోలోపల సంబరపడే రకాన్ని నేను. ఈ ఒక్కటీ అబద్ధమైతే చాలు.